సింగన్నతో మూడు నిమిషాలు

సింగన్నను పార్కుకు పంపమని మామయ్యను ఒప్పించింది నేనే. ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. తర్వాత జరిగినదాన్ని బట్టి నన్ను మొండిదన్నవాళ్ళు ఉన్నారు, ధైర్యం గలదన్నవాళ్ళూ ఉన్నారు. మొదట్లో మాత్రం నేను ఆ రెండూ కాదు. వాడిని నా చేతులతో తోలుకెళ్ళి ఆ ఇనుప పైపుల మధ్య నిలబెట్టింది నేను.

సింగన్న మా ఎద్దు. ఒంగోలు జాతి. మా మామయ్య గోవిందయ్య వాడిని ఏడాది దూడగా కొని, పెంచి, కారంపూడి చుట్టుపక్కల జరిగే బండలాగుడు పందేలకు తయారుచేశాడు. ఆరేళ్ళు లాగాడు సింగన్న. వాడి జోడీ ఎద్దు రెండేళ్ళ కిందట ఒంటినిండా గడ్డలు లేచే జబ్బుతో చనిపోయింది. ఆ తర్వాత మామయ్య ఇంకో ఎద్దును తేలేదు. సింగన్న పొద్దస్తమానం సావిట్లో నిలబడి, ఖాళీగా ఉన్న రెండో గుంజ వైపు చూస్తుండేవాడు.

మామయ్య కొడుకు, నా భర్త బ్రహ్మాజీ క్వారీలో టిప్పర్ నడిపేవాడు. క్వారీ మూతపడ్డాక నాలుగు నెలలు పని లేక తిరిగి, చివరికి నాగేశ్వరరావు గారి పార్కులో వ్యాన్ డ్రైవరుగా చేరాడు. మాచర్ల నుంచి విజయపురి సౌత్ వెళ్ళే రోడ్డు పక్కన ఆయన కట్టిన వండర్ పార్కు అది. నీళ్ళలోకి జారే గొట్టాలు, బొమ్మ రైలు, భుజం మీద వాలే రంగురంగుల చిలుకలు, పిల్లలను ఎక్కించుకుని తిరిగే రెండు పోనీలు. ఆయనకు మా ఊళ్ళో పొలాలున్నాయి. ఊళ్ళో ఏ తగాదా వచ్చినా ఆయన ఇంటి వరండాలోనే తేలుతుంది. మార్చి నెలలో ఒకరోజు ఆయనే స్వయంగా మా ఇంటికొచ్చాడు.

హైదరాబాదు జనానికి చిలుకలు పాతబడ్డాయనీ, పందెం గిత్తను దగ్గర నిలబడి ముట్టుకోవాలని వాళ్ళకు చానా ఉంటుందనీ చెప్పాడు. వేసవి మూడు నెలలు ఇస్తే చాలన్నాడు. మేత, మందులు తనవే. ఎద్దు వెంట నన్ను కూడా పనిలో పెట్టుకుంటానన్నాడు.

మామయ్య ఒప్పుకోలేదు. ఎద్దును చూడ్డానికి టికెట్ ఏందని అడిగాడు. దారిన పోయేవాళ్ళు ఎవరొచ్చి చూసినా తను ఎప్పుడైనా వద్దన్నాడా అన్నాడు. నాగేశ్వరరావు గారు నవ్వి, ఆలోచించుకోమని చెప్పి వెళ్ళాడు.

ఆ వారమంతా నేను మామయ్య వెంటపడ్డాను. సింగన్న ఒంటరిగా గోడ చూస్తూ నిలబడే కన్నా పదిమంది మధ్య ఉంటే నయమన్నాను. వాడి దగ్గర నేనుంటానుగా అన్నాను. ఇవి అబద్ధాలు కావు. చెప్పనివి వేరే ఉన్నాయి. మేం కాదంటే బ్రహ్మాజీ పని ఉంటుందో ఊడుతుందో అన్న భయం ఒకటి. మెడలో ఐడీ కార్డు వేసుకుని పనికి వెళ్ళాలని పదో తరగతి నుంచీ నాకున్న కోరిక ఇంకొకటి. ఇవి మామయ్యకు తెలియనివి కావనుకుంటాను. చివరికి నీ ఇష్టం అన్నాడు. సింగన్నను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు.

పార్కులో వాడికి రేకుల షెడ్డు వేశారు. ముందు వైపు పైపుల కటకటా, దానికి చెమ్కీ దండలు. పైన బోర్డు: గిత్తతో క్లోజప్, మూడు నిమిషాలు, మూడు వందలు. లోపలికి రావడానికి కొన్న టికెట్ కాక ఇది వేరే. నాకు మెడలో వేసుకునే ఐడీ కార్డు, నీలం టీషర్టు ఇచ్చారు. టీషర్టు చీర మీద వేసుకునేదాన్ని. వీపు మీద ఇంగ్లీషులో యానిమల్ ఫ్రెండ్ అని ఉండేది. పార్కు మేనేజరు ఫైజల్ హైదరాబాదు కుర్రాడు, మంచివాడు, నన్ను అక్కా అనేవాడు. వచ్చినవాళ్ళతో ఏం చెప్పాలో అతనే నేర్పాడు. సింగన్నకు మీరంటే ఇష్టం, భయపడకుండా మెడ కింద నిమరండి, ఇటు తిరిగి ఫోటో దిగండి. ముకుతాడు పట్టుకుని నిలబడి, ప్రతి ఒక్కరికీ అదే చెప్పేదాన్ని.

ఏప్రిల్ నెల బాగానే గడిచింది. బాగా గడిచిందని ఒప్పుకోకపోతే ఈ కథకు అర్థం లేదు. పిల్లలు అరచేతిలో బెల్లంముక్క పెట్టుకుని చాపితే, సింగన్న గరుకు నాలుకతో తీసుకునేవాడు. వాళ్ళు కిలకిలా నవ్వి చెయ్యి చూసుకునేవాళ్ళు. ఒకరోజు కూకట్‌పల్లి నుంచి రామాయమ్మ అనే పెద్దావిడ వచ్చింది. మనవళ్ళు నీళ్ళలో ఆడుకుంటుంటే ఒక్కతే టికెట్ కొనుక్కుని వచ్చింది. ఫోటో వద్దంది. చెప్పులు విడిచి, సింగన్న నుదుటికి తన నుదురు ఆనించి నిలబడింది. వాడు కదలలేదు. మూడు నిమిషాలు అయిపోయాయని నేను చెప్పలేదు. వెళ్ళేటప్పుడు, వాళ్ళ నాన్న అరకకు కట్టిన ఎడ్ల పేర్లు ఇంకా గుర్తున్నాయని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు బ్రహ్మాజీతో అన్నాను, మూడు వందలు కాదు, మూడు వేలు పెట్టినా ఆవిడకు దండగ కాదని.

సింగన్నకు విసుగొస్తే ఒక పని చేసేవాడు. నెమ్మదిగా తిరిగి, జనానికి వీపు పెట్టి నిలబడేవాడు. తోక ఊపుకుంటూ పది నిమిషాలు అలాగే ఉండి, మళ్ళీ వాడే ఇటు తిరిగేవాడు. నేను లాగేదాన్ని కాదు. కాసేపు ఆగండి, వస్తాడు అని చెప్పేదాన్ని. కొందరు ఆగేవాళ్ళు, కొందరు గొణిగేవాళ్ళు. ఒకాయన పార్కు గురించి ఫోన్లో రాశాడట, ఎద్దు తోక చూడ్డానికా మూడు వందలు అని. ఫైజల్ నాకు చదివి వినిపించాడు. అతను నవ్వాడు, నేనూ నవ్వాను.

నాగేశ్వరరావు గారు నవ్వలేదు. మర్నాడు వెల్డింగు మనిషిని పంపాడు. సింగన్నకు అటొక పైపు, ఇటొక పైపు, వెనకొక పైపు. వెనక పైపు జరిపితేనే వాడు బయటికి రాగలడు. దానికి తాళం వేశారు. ఇక తిరగడానికి లేదు, ముఖం ఎప్పుడూ జనం వైపే. నిప్పురవ్వలు ఎగురుతుంటే వాడు బెదిరాడు. బెదరకుండా ముకుతాడు గట్టిగా పట్టుకుని, గంగడోలు నిమురుతూ నిలబడింది నేను. మంచివాడివిరా, మంచివాడివిరా అంటూ.

మే నెలలో ఎండ ముదిరింది, సెలవుల జనం విరగబడ్డారు. ఆదివారాలు రెండొందల మంది దాకా వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరి చెయ్యి మెడ మీద, మూపురం మీద, కొమ్ముల మీద. కళ్ళలోకి ఫోన్లు. అప్పుడే ఒక మధ్యాహ్నం గమనించాను. సింగన్న నెమరు వేయడం లేదు. మేసిన ఎద్దు తీరిగ్గా నిలబడి నెమరు వేయాలి. ఆ దవడ కదలిక ఆగిందంటే లోపల ఏదో బాగాలేదని మామయ్య చెప్పేవాడు. నేను టికెట్లు లేని అరగంట కూర్చుని వాడి నోరు చూశాను. కదల్లేదు. మర్నాడూ అంతే. ఉలవలు ఉడికించి పెడితే వాసన చూసి వదిలేశాడు.

పార్కు జంతువులను చూడటానికి వారానికోసారి ఆరోగ్యస్వామి వచ్చేవాడు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. జ్వరం చూశాడు, పొట్ట తట్టి చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు. మందు రాయలేదు.

"జబ్బేం లేదమ్మా. ఈ పైపు తీసెయ్. వెనక్కి పోవాలనుకున్నప్పుడు పోనీ. రోజులో సగం ఎవరూ ముట్టుకోకుండా ఉంటే వాడే మేస్తాడు" అన్నాడు.

ఫైజల్‌కు చెప్పాను. అతను మధ్యాహ్నం రెండు గంటలు క్లోజప్ ఆపించాడు. అది మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు నాగేశ్వరరావు గారు వచ్చి, జనం బయట ఎండలో నిలబడి ఉంటే గిత్తకు కునుకేందని అడిగి, ఆ రెండు గంటలూ తీసేశాడు. నేను ఎదురుచెప్పబోతే, మీ మామకు చెప్పి తెచ్చుకున్నాంగా, సీజన్ అయ్యేదాకా మాటంటే మాటే అన్నాడు.

ఆ సాయంత్రం, పార్కు వెనక మాకిచ్చిన రేకుల గదిలో బ్రహ్మాజీతో గొడవపడ్డాను. ఇంకో నెలేగా, ఓర్చుకోమన్నాడు.

"వాడు ఓర్చుకోవాలి, నేను కాదుగా" అన్నాను.

"పందెంలో వాడి చేత బండ లాగించినప్పుడు లేని జాలి ఇప్పుడేందే?"

ఆ మాట పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. పందేలలోనూ వాడిని ఎవరూ అడగలేదు, నిజమే. కాకపోతే బండ లాగింది ఏడాదిలో పదిసార్లు. దిగాక చల్లటి నీళ్ళు, మాలీషు, రెండు వారాలు సావిట్లో వాడి మానాన వాడు. ఇక్కడ మాత్రం పొద్దున తొమ్మిది నుంచి పొద్దుగూకేదాకా ఎవరి చెయ్యి పడుతుందో తెలియదు. తప్పుకోవడానికి చోటు లేదు. అయినా బ్రహ్మాజీ అన్నది నన్ను వదల్లేదు. వాడి పక్షాన మాట్లాడటానికి మాకు ఎంత హక్కుందో నాకిప్పటికీ తెలియదు. ఉన్నంతలో మాట్లాడాలని మాత్రం అనుకున్నాను.

మే చివరి ఆదివారం గుంటూరు నుంచి వచ్చినాయన ఒకడు రీల్ తీయించుకుంటూ, నేను వద్దంటున్నా వినకుండా కటకటా మీదికెక్కి, సింగన్న మూపురం మీద కాలు వేయబోయాడు. సింగన్న వెనక్కి జరగబోయాడు. పైపు తగిలింది. పక్కకు జరగబోయాడు. అక్కడా పైపే. అప్పుడు తల విదిలించాడు. కొమ్ము తగిలి ఆయన కిందపడ్డాడు. ముంజేతి ఎముక విరిగింది. కొమ్ములకు ఇత్తడి తొడుగులు ఉండబట్టి అంతటితో పోయింది. బ్రహ్మాజీయే ఆయన్ను వ్యాన్‌లో మాచర్ల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

ఆ వీడియో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చింది. పార్కు మూసేస్తారనీ, సింగన్నను ఇంటికి పంపేస్తారనీ నేననుకున్నాను. జరిగింది వేరు. తర్వాతి రెండు రోజులూ క్యూ రెండింతలైంది. మనిషిని పొడిచిన ఎద్దు పక్కన నిలబడి ఫోటో దిగాలట. బోర్డు మీద పౌరుషాల గిత్త అని కొత్తగా రాయించారు.

బుధవారం పొద్దున నేను షెడ్డుకు వెళ్ళేసరికి సింగన్న తల దించుకుని ఉన్నాడు. నోటినుంచి చొంగ తీగలా కారుతోంది. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదపలేదు. ముఖం మీద వాలిన ఈగలను తోలుకోవడం లేదు. మెడ మీద సూది పోటు దగ్గర నెత్తురు చుక్క ఎండి ఉంది. పోనీలను తెచ్చిన కాంట్రాక్టరు తెల్లవారుజామున వచ్చి, మెత్తబడే ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాడని కాపలామనిషి చెప్పింది. ఆరోగ్యస్వామిని అడిగితే ఆయన ఇవ్వనన్నాడట.

ఫైజల్ ఆఫీసు గదికి వెళ్ళి వెనక పైపు తాళంచెవి అడిగాను. అతను నా ముఖం చూశాడు.

"ఇయ్యలేను అక్కా. నా నౌకరీ పోతది" అన్నాడు.

నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి అతను సొరుగులోంచి తాళాల గుత్తి తీసి టేబుల్ మీద పెట్టి, చిలుకలకు గింజలు వేశారో లేదో చూసొస్తానని బయటికెళ్ళాడు.

అప్పటికే కటకటా ముందు యాభై అరవై మంది ఉన్నారు. నేను పైపు జరిపి సింగన్న పక్కన నిలబడి, ఇవాళ లేదండీ అన్నాను. ముందున్నాయన టికెట్ చూపించి ఎందుకు లేదన్నాడు. చెప్పాను. ఎద్దుకు మత్తు ఇచ్చారనీ, మీరు ముట్టుకుంటే ఊరుకునేది ఇష్టం ఉండి కాదనీ, నిలబడటానికే వాడికి శక్తి లేదనీ చెప్పాను. గొంతు పెద్దది చేయలేదు. వెనకవాళ్ళకు వినపడక, ముందువాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. ఒకావిడ పాపను ఎత్తుకుని వెళ్ళిపోయింది. కొందరు టికెట్ కౌంటరు వైపు నడిచారు. ఒకడు మాత్రం, మత్తులో ఉంటే ఇంకా మంచిదేగా, పొడవదుగా, ఒక్క ఫోటో అన్నాడు. అతని ముందు నుంచే సింగన్నను బయటికి నడిపించాను. అడుగు తీసి అడుగు వేయడానికి వాడికి చాలా సేపు పట్టింది.

గేటు దాకా వచ్చాక ఫోన్ మోగింది. నాగేశ్వరరావు గారు. ఎద్దును వెనక్కి తీసుకెళ్ళి కట్టెయ్యి, సాయంత్రం మాట్లాడుకుందాం అన్నాడు. కట్టనన్నాను. ఆయన గొంతు మారింది. ఫోన్ బ్రహ్మాజీకి ఇమ్మన్నాడు. బ్రహ్మాజీ వ్యాన్ దిగి అక్కడే నిలబడి ఉన్నాడు. ఫోన్ తీసుకుని, విని, సరే సార్ అన్నాడు. నా దగ్గరికి వచ్చి పగ్గం వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సింగన్న నోటి దగ్గర ఆగింది. చొంగ అతని వేళ్ళ మీద పడింది. చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకుని, వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాడు.

మత్తు దిగేదాకా సింగన్న రోడ్డు మీద నడవలేడు. గేటు ఎదురుగా వేపచెట్టు ఉంది. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఆ నీడలో కూర్చున్నాం. సింగన్న ముందుకాళ్ళు మడిచి పడుకున్నాడు. ఆ షెడ్డులో పడుకోవడానికి చోటే లేకపోయింది. నీలం టీషర్టు విప్పి, బోరింగు దగ్గర తడిపి వాడి తల మీద వేశాను. పార్కుకు వచ్చేవాళ్ళు కార్ల అద్దాలు దించి చూసేవాళ్ళు. బ్రహ్మాజీ వ్యాన్ మనుషులను తెస్తూ, దించుతూ మూడుసార్లు మా ముందు నుంచే పోయింది. ఆగలేదు. నాలుగోసారి ఆగింది. నీళ్ళ క్యాను దించి నా పక్కన పెట్టాడు.

"ఎక్కడిదాకా నడుస్తావు?"

"ఇంటిదాకా."

"చానా దూరమే."

"తెలుసు."

నేను క్యాను మూత తిప్పాను. అతను వ్యాన్ ఎక్కి వెళ్ళాడు.

ఎండ తగ్గాక బయల్దేరాం. ఆ సాయంత్రం మాచర్లకు ఇవతలే, రోడ్డు పక్కన మల్లీశ్వరి అనే ఆవిడ గేదెల పాక దగ్గర ఆగాను. నాకు అన్నం పెట్టింది, వాడికి చొప్ప వేసింది. ఆడదానివి ఎద్దును తోలుకుని ఒక్కదానివే ఎందుకెళ్తున్నావని అడిగింది. చెప్పాను. వింటూ వింటూ చొప్ప ఇంకో మోపు తెచ్చి వేసింది. తెల్లారగట్లే లేచి ఎండెక్కకుండా మాచర్ల ఊరు దాటాను. టీ బంకుల దగ్గర జనం లేచి నిలబడి చూశారు. కొందరు వీడియోలో ఎద్దని గుర్తుపట్టి ఫోన్లు తీశారు. ఒక కుర్రవాడు బండి ఆపి, అక్కా ఒక్క సెల్ఫీ అన్నాడు. వద్దు నాయనా అన్నాను. అతను సరేనని పోయాడు. వద్దంటే పోతారని నాకు అప్పుడే తెలిసింది. ఆ బుధవారానికి ముందు రెండు నెలల్లో ఒక్కసారీ ఎవరికీ వద్దని చెప్పి చూడలేదు, కటకటా ఎక్కినవాడికి తప్ప.

కారంపూడి రోడ్డులో కొంతదూరం పోయాక ఎదురొచ్చిన బస్సు ఆగి, మామయ్య దిగాడు. భుజాన ఉలవల సంచి. బ్రహ్మాజీ ఫోన్ చేసి చెప్పాడట. మామయ్య ముందు సింగన్న నోరు తెరిచి చూశాడు, కళ్ళు చూశాడు, కాళ్ళు తడిమి చూశాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు. చెప్పులు తెగి అంతకుముందే పారేశాను. తన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. పెద్దవి. తాడు ముక్కతో కట్టుకుని నడిచాను. దారిలో తప్పు నాదే మామయ్యా, నేనే పంపించానని నేనే అన్నాను. నేనూ సరేనన్నాగా అన్నాడు.

బ్రహ్మాజీని మర్నాడే పనిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, పక్కకు తిరిగి పడుకునేవాడు. జూన్ రెండో వారంలో నాగేశ్వరరావు గారి నుంచి కబురొచ్చింది. వరండాలో మాట్లాడుకుందాం రమ్మని. బయల్దేరే ముందు బ్రహ్మాజీ నోరు విప్పాడు. ఒక్క మాట తప్పయిందను, పని మళ్ళీ ఇస్తానన్నాడు అన్నాడు. నేను చీర కొంగు సర్దుకుని గడప దాటాను.

వరండాలో ఊరి పెద్దలు నలుగురున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని, నెమ్మదిగానే మాట్లాడాడు. ఆ బుధవారం ఎంతమందికి టికెట్ వెనక్కి ఇవ్వాల్సి వచ్చిందో, పార్కు పేరు ఎంత పాడైందో చెప్పాడు. నేను క్షమాపణ చెప్పి, గుంటూరాయనకు దెబ్బ తగిలింది నా అజాగ్రత్త వల్లేనని ఒక వీడియో తీసి ఇస్తే బ్రహ్మాజీని తిరిగి తీసుకుంటానన్నాడు. చెప్పెయ్యమ్మా, అయిపోద్ది అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"తప్పు చేశానండీ" అన్నాను. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "సింగన్నకి మీరంటే ఇష్టమని రోజూ అంతమందికి చెప్పా. ఇష్టం లేదని వాడు వీపు తిప్పి చూపించాడు. తిరగకుండా మీరు పైపు వేయించారు, నేను దగ్గరుండి పట్టుకున్నా. ఆ టికెట్లు కొన్నోళ్ళు వస్తే వాళ్ళకి చెప్తా తప్పయిందని. సింగన్నకి ఎట్టా చెప్పాలో తెలియక ఇంటికి తోలుకొచ్చా. మీకు మాత్రం చెప్పనండీ. వీడియో కూడా ఇయ్యను."

నాగేశ్వరరావు గారు నన్ను వదిలేసి బ్రహ్మాజీ వైపు తిరిగాడు.

"ఏరా, నీ సంగతేంది మరి?"

బ్రహ్మాజీ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వరండా స్తంభానికి ఆనించిన చెయ్యి తీసేశాడు.

"టిప్పర్ నడిపినోణ్ణి సార్. ఏదన్నా నడుపుకుంటా" అన్నాడు.

దారిలో అతను నాకు పది అడుగుల ముందు నడిచాడు. ఇంటికొచ్చాక, ఆ చివర్లో వీడియో ఇయ్యను అనకుండా ఉండాల్సింది అన్నాడు. బయల్దేరే ముందు అన్నది తప్పితే, వారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది. మేం మళ్ళీ మాట్లాడుకోవడం అలా మొదలైంది.

తర్వాత అంతా సులువుగా సాగిందని చెప్పను. బ్రహ్మాజీ ఇప్పుడు నరసరావుపేటలో లారీకి వెళ్తున్నాడు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. నేను పత్తి చేలల్లో కూలికి వెళ్తున్నాను. ఐడీ కార్డు పార్కు గేటు దగ్గరే వదిలేసి వచ్చాను. నాగేశ్వరరావు గారు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు. ఆయన పార్కు నడుస్తూనే ఉంది, గిత్త షెడ్డులో ఇప్పుడు ఈము పక్షులున్నాయని విన్నాను. అవి ఎటు తిరగగలవో నాకు తెలియదు. వచ్చే వేసవిలో వెళ్ళి చూడాలని ఉంది. గేటు బయట నిలబడి, టికెట్ కొనేవాళ్ళకు నాకు తెలిసింది చెప్పాలని ఉంది. ఆపితే ఆపనీ.

ఆగస్టులో, వానలు పడ్డాక, మా ఇంటి ముందు ఒక కారు ఆగింది. హైదరాబాదు నుంచి సాగర్ చూడటానికి వచ్చినవాళ్ళు. మొగుడూ పెళ్ళామూ, ఎనిమిదేళ్ళ పాప. వీడియో చూసి, ఊరు కనుక్కుని వచ్చారట. టికెట్ ఎంతండీ అని అడిగాడాయన.

టికెట్ లేదన్నాను. సింగన్న దొడ్లో విడిగా తిరుగుతున్నాడు. దడి ఇవతల మంచం వేసి కూర్చోమన్నాను. వాడు వస్తే ముట్టుకోవచ్చు, రాకపోతే లేదు. పాప మంచం దిగి దడి పక్కన నేల మీద కూర్చుంది. నేను గుప్పెడు పచ్చగడ్డి ఇస్తే చాపి పట్టుకుంది. సింగన్న తలెత్తి ఒకసారి చూశాడు. మళ్ళీ మేతలో పడ్డాడు. అరగంటైంది. ముప్పావుగంటైంది. పాప ఒక చెయ్యి నొప్పెడితే ఇంకో చేతికి మార్చుకుంది. సింగన్న దొడ్డి అవతలి మూలకు పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

వాళ్ళ నాన్న గడియారం చూసుకున్నాడు. ఇంత దూరం వచ్చాం, మీరే వెళ్ళి పట్టుకురండి, ఒక్క నిమిషం అన్నాడు. పట్టుకురానండీ అన్నాను. ఆయనకు విసుగొచ్చింది. అరుగు మీద తాడు పేనుకుంటున్న మామయ్య వైపు తిరిగాడు. మగమనిషి, పెద్దాయన, ఎద్దు ఆయనదే అయి ఉంటుందనుకున్నాడు.

"పెద్దాయనా, మీరైనా చెప్పండి. ఎద్దు మీదేగా?"

మామయ్య తాడు పేనడం ఆపలేదు.

"నాది కాదు. అది అమ్మాయిది. అమ్మాయి రాదంటే రాదు" అన్నాడు.

ఎంత పెద్ద ఆసామి వచ్చి అడిగినా, పందెం కమిటీలు అడిగినా, సింగన్న నాది అనే చెప్పేవాడు మామయ్య. ఇంకోలా చెప్పగా నేనెన్నడూ వినలేదు.

వాళ్ళు కారెక్కారు. పాప ఆ గడ్డిని దడి మీద పెట్టి వెళ్ళింది.